స్పీకర్ 417

3 నవంబర్ 2025, సోమవారం

స్వాగతం పని నాకొచ్చింది. 22న డేటా, ఏఐ సదస్సు. ఒక్కరోజుది. గచ్చిబౌలి వైపు హాలు. ఆరువందల మంది అంటున్నారు.

"గుమ్మం దగ్గర నువ్వుండమ్మా. నీకు మనుషులతో మాట్లాడటం వచ్చు" అన్నారు సార్.

రెండేళ్లు ఊళ్లు తిరిగి గొంతులు రికార్డు చేసుకొచ్చాను. దాని గురించి పది నిమిషాలు వేదిక మీద మాట్లాడమంటారేమో అనుకున్నా. అనలేదు. నేనూ అడగలేదు.

ఎందుకు అడగలేదు?

5 నవంబర్, బుధవారం

కార్తీక పౌర్ణమి. అమ్మ 365 వత్తులు వెలిగించింది. నూనె వాసన ఇంకా ఇంట్లోనే ఉంది.

సాయంత్రం ఎదురింటి కోసం వచ్చినావిడ మా గుమ్మం ముందు ఆగింది. వాళ్లింటికి తాళం. అమ్మ లోపలికి పిలిచి, కూచోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది. ఆమె తాగాక అమ్మ అడిగింది, "ఎవరమ్మా మీరు?"

సదస్సులో మా బల్ల దగ్గర వరస తిరగేసి ఉంది. ముందు క్యూఆర్ కోడ్, తర్వాత పేరు, తర్వాత ఫోన్ నంబరు, ఆ తర్వాత కెమెరాకి ముఖం. నీళ్ల సీసా ఆఖరున, సంచిలో.

మార్చాలి. నీళ్లు ముందుకి.

7 నవంబర్, శుక్రవారం

ఒప్పుకున్నారు! మాకు గొంతులిచ్చిన వాళ్లలో నలుగురిని పిలవచ్చు. దారి ఖర్చులు మావే. నారాయణఖేడ్ అవ్వ, అచ్చంపేట వైపు గొర్ల కాపరి, ఒక టైలరన్న, ఒక టీచరమ్మ.

వాళ్ల తరఫున ఫారం నింపడానికి కూచున్నా. చుక్క గుర్తున్న గడులు వదిలేస్తే ముందుకు పోనివ్వదు. ఈమెయిల్. సంస్థ. హోదా.

టీచరమ్మది నిమిషంలో అయిపోయింది. టైలరన్నకి దుకాణం పేరుంది. అవ్వకి? రెండెకరాల చెలక. జొన్న, కంది. 'సంస్థ' దగ్గర అదే రాశాను. 'హోదా' ఖాళీగా వదిలితే ఎర్ర గీత వచ్చింది. ఒక గీత పెట్టి చూశాను. తీసుకోలేదు.

రాత్రి పదకొండు. అవ్వ, కాపరి ఫారాలు అలాగే ఉన్నాయి.

10 నవంబర్, సోమవారం

అందెశ్రీ పోయారు. పొద్దున్నే వార్త.

ఆఫీసులో ఎవరో ఫోన్లో ఆయన పాట పెట్టారు. పని ఆగింది. కొందరు తెలియకుండానే లేచి నిలబడ్డారు, రాష్ట్ర గీతం కదా. చిన్నప్పుడు పశువులు కాసిన మనిషి. బడికి పోలేదు. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

డాక్టరేటు రాకముందు ఆయన మా ఫారం నింపాల్సి వస్తే...

పొద్దంతా ఆ ఎర్ర గీతే కళ్లముందు.

12 నవంబర్, బుధవారం

దొరికింది.

ఫారం పైన ఒక వరస ఉంది, వచ్చేవాళ్లు ఎవరని. డెలిగేట్, స్పాన్సర్, స్పీకర్. 'స్పీకర్' నొక్కితే 'సంస్థ', 'హోదా' గడులు పోతాయి. వక్తల వివరాలు వాళ్ల దగ్గర ముందే ఉంటాయని.

మా హార్డ్‌డిస్కులో అవ్వ ఫోల్డర్ పేరేంటి? స్పీకర్ 417. ఐదు గంటల పైచిలుకు మాట్లాడింది ఆమె. ఆ రోజు వేదికెక్కే వాళ్లెవరూ అంతసేపు మాట్లాడరు.

నొక్కేశాను. నలుగురికీ.

13 నవంబర్, గురువారం

ఫ్లెక్సు షాపు. నేను యూనికోడ్‌లో పంపిన 'స్వాగతం' అతని దగ్గర తెరిస్తే చెత్తగా వచ్చింది. "అను ఫాంట్‌లో కొట్టేస్తా మేడం" అని చూడకుండానే టకటకా కొట్టాడు. చక్కగా వచ్చింది. వేళ్లకే అక్షరాలు తెలుసు అతనికి.

ఆఫీసుకొచ్చి బ్యాడ్జీల ప్రింటరు మీద చూస్తే సకారానికి పొల్లు, పక్కన విడిగా వా. వత్తు కిందికి దిగలేదు. నమూనా పేర్లు కొన్ని కొట్టి చూశా. శ్రీ మూడు ముక్కలైంది.

ఇంగ్లిషు 'వెల్‌కమ్' ఏడక్షరాలు, ఏడు బైట్లు. మన 'స్వాగతం' పలికితే మూడక్షరాలే. యంత్రానికి ఏడు సంకేతాలు, ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 21. సరే, బరువు ఎక్కువే అనుకుందాం. కానీ విరగడమెందుకు? 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుంది. ముప్ఫై నాలుగేళ్లు. మాట్లాడేవాళ్లు 2011 లెక్కల్లోనే ఎనిమిది కోట్లు దాటారు. ఇప్పటికీ ఒక పెట్టెలో వత్తు దిగదు.

ప్రింటరు వాళ్లకి ఫోన్ చేస్తే, "పేర్లు ఇంగ్లిషులో ఇవ్వండి మేడం, ప్రాబ్లమ్ ఉండదు."

ఉంటుంది.

15 నవంబర్, శనివారం

పేపర్లో చూశాను. వ్యక్తిగత డేటా చట్టం నిబంధనలు నోటిఫై అయ్యాయి. చట్టం 2023ది, నిబంధనలు ఇప్పుడు. చాలా వాటికి 18 నెలల గడువు. మనిషి నుంచి ఏం తీసుకుంటున్నామో, ఎందుకో చెప్పే నోటీసును ఆ మనిషి కోరుకుంటే ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా ఇవ్వాలి. అందులో తెలుగూ ఉంది.

గడువుంది కదా అన్నారు సదస్సు వాళ్లు. గడువు మీకు. వచ్చే మనిషిని 22నే కదా ముఖం చూపించమంటున్నాం.

చాలాసేపు మాట్లాడాక ఎడమ చివర ఒక బల్లకి ఒప్పుకున్నారు. ముఖం వద్దనుకునేవాళ్లకి. నోటీసు తెలుగులో నన్నే రాయమన్నారు.

సాయంత్రమంతా అదే. ఫొటో ఎందుకు తీస్తున్నాం. ఎవరు చూస్తారు. ఎన్నాళ్లు ఉంచుతాం. అక్కడ ఆగిపోయా. ఎన్నాళ్లో ఎవరూ అనుకోలేదట! నాలుగు ఫోన్లు తిరిగాక, "వారం అని రాసెయ్యండి."

రాశాను. వారం తర్వాత అడుగుతాను కూడా.

17 నవంబర్, సోమవారం

అవ్వకి ఫోన్. మనవడు ఎత్తి ఇచ్చాడు.

"ఏం బిడ్డా, మంచిగున్నవా? యాది మరిచినవనుకున్న."

పేరు సంగతి అడగాలి. ఒప్పుకోలు కాగితం మీద మాటిచ్చాం, పేరు ఎక్కడా బయటపెట్టమని. ఆ కాగితం చదివి వినిపించింది నేనే. వేలిముద్ర వేయించుకుంది నేనే. ఇప్పుడు అదే మనిషిని పిలిచి, మెళ్లో పేరు వేలాడదీసి, ఆరువందల మందిలో తిప్పితే?

అదంతా చెప్పాను. విన్నది.

"పేరు లేకుంట ఎట్ల కూసుంట బిడ్డా గంతమందిల? రాయి. పెద్దగ రాయి."

కాపరన్నకీ చేశాను. ఆయన మాత్రం, "నా పేరొద్దమ్మా. ఒస్త, జూస్త, పోత."

ఇద్దరి మాటా అలాగే. అవ్వ పేరు బ్యాడ్జీ మీద పెద్దగా ఉంటుంది. ఈ పుస్తకంలో మాత్రం రాయను. ఇక్కడ రాయమని ఆమె అనలేదు.

20 నవంబర్, గురువారం

అమావాస్య. ఆఫీసులోనే ఉన్నా, రాత్రి తొమ్మిదిన్నర.

ప్రింటరు దారిన పోకుండా పేర్లన్నీ ముందు బొమ్మలుగా మార్చి పంపితే వత్తులు దిగాయి. ఇద్దరు వాలంటీరు పిల్లలు నాతో ఉండిపోయారు. "అక్కా, రాజ్‌కుమార్ ఏంటి ఇలా వచ్చింది?" అని చూపించారు. రాజ్కుమార్. జకారం కింద కవత్తు. మధ్యలో కంటికి కనబడని గుర్తొకటి ఉంటుంది, జకారాన్ని పొల్లుతో ఆపి కకారాన్ని విడిగా నిలబెట్టేది. జాబితా శుభ్రం చేసేటప్పుడు దాన్ని ఖాళీ అనుకుని ఎవరో తీసేశారు. పేర్ల జాబితాలో అలాంటివి ముప్ఫై దాకా.

ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చాం. చివరికి పిల్లలు పేరు పైకి చదివి, నోటికి తగిలితే ఆపి, నాకు చెప్పడం మొదలుపెట్టారు. ఆరువందల పేర్లు పైకి చదివితే ఎలా ఉంటుందో ఇవాళ విన్నాను.

కాపరన్న బ్యాడ్జీ మీద 'అతిథి' అని మాత్రం.

21 నవంబర్, శుక్రవారం

సార్ జాబితా చూశారు. స్పీకర్లలో నాలుగు పేర్లు ఎక్కువున్నాయేంటి అన్నారు.

చెప్పాను. మన రికార్డుల్లో వీళ్లు స్పీకర్లే సార్ అని.

కాసేపు ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రెండో వరసలో కూర్చోబెట్టు."

మొదటి వరస ఎందుకు కాదు? అడగలేదు. మళ్లీ అడగలేదు.

22 నవంబర్, శనివారం

కాళ్లు పీకుతున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి, రేపటికి మంచిగా మార్చేసుకుంటాను.

ఏడున్నరకి చలి. అద్దాల మీద మంచు. బల్ల మీద ముందు నీళ్లు, పక్కన రాగి చెంబు ఒకటి, అమ్మ పంపింది. మొదట వచ్చినతను గ్లాసు తీసుకుని నా ముఖంలోకి చూశాడు, ఇది దేనికన్నట్టు. తాగాడు. తర్వాత వాళ్లు అతన్ని చూసి తాగారు. తొమ్మిదికల్లా వరస బయటి మెట్ల దాకా. నీళ్లు ఆపెయ్యమని ఒకరు కేకేశారు. ఆపలేదు. మనిషికి పది సెకన్లు.

ఎడమ చివర బల్ల దగ్గరికి ఎక్కువమంది రారనుకున్నాం. నోటీసు తెలుగులో చదివి, ముఖం కెమెరా దాకా వెళ్లినవాళ్లు కొందరు వెనక్కొచ్చి ఇటు నిలబడ్డారు. ఒక కుర్రాడు నోటీసునే ఫొటో తీసుకున్నాడు.

కాపరన్నని లోపలి తలుపు దగ్గర ఆపారు. పేరు లేదేంటని. పరుగెత్తాను. ఆయన అరచెయ్యి గుండె మీద, బ్యాడ్జీ మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఈమెనే పిలిచింది" అన్నాడు నన్ను చూపించి. వేరే మాట అవసరం పడలేదు.

అవ్వ తొమ్మిదింబావుకి. మనవడు తోడొచ్చాడు. తెల్లారకముందే బస్సెక్కారట. ఆమెకి జీరో టికెట్టు, వాడికి డబ్బులు. ఆకుపచ్చ అంచు చీర, మడతల గీతలు ఇంకా పోలేదు. పెట్టెలోంచి ఇవాళ కోసం తీసినట్టుంది.

వరసలో ఆమె వంతు వచ్చింది. నేను నోరు తెరవకముందే కుడి బొటనవేలు కొంగుకి గట్టిగా తుడుచుకుని, బల్ల మీదికి చాచింది.

వేలు. రేషన్ షాపులో మిషను అడిగేది అదేగా. కలుపు తీసి, నాట్లేసి గీతలన్నీ అరిగిపోయాయి, మూడుసార్లు నాలుగుసార్లు పెడితేగాని పట్టదని రికార్డింగులోనే చెప్పింది. కొన్ని నెలలు అసలు పట్టలేదని కూడా. బల్ల వెనక మనిషి, ముందు మిషను కనబడితే వేలు తుడుచుకోవడం అలవాటైపోయింది ఆమెకి.

ఆ వేలు అలాగే నా రెండు చేతుల్లోకి తీసుకున్నా. గ్లాసు పెట్టా.

"నన్ను గుర్తువట్టినవా బిడ్డా?"

బ్యాడ్జీ మెళ్లో వేశాను. ఆమెకి చదువు రాదు. పేరు మీద వేలు పెట్టి, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అని అడిగింది. చూపించాను. ఆ రెండింటి మధ్య వేలితో ఒకసారి రాసింది.

సార్ స్వాగతోపన్యాసం నేను వినలేదు. గుమ్మం దగ్గరే ఉన్నా. రాష్ట్ర గీతం మాత్రం లోపల్నుంచి వినిపించింది. బల్లల దగ్గర అందరం నిలబడ్డాం.

మధ్యాహ్నం. ఇది రాయడం కష్టంగా ఉంది.

బయట స్టాళ్లలో ఒకచోట మాట వింటే తెర మీద రాసే యంత్రం పెట్టారు. మనవడు ముచ్చటపడి అవ్వని తీసుకెళ్లాడు. చుట్టూ పదిమంది. "ఏదన్నా మాట్లాడు అమ్మమ్మా" అన్నాడు స్టాలు అబ్బాయి. మంచి పిల్లాడే.

అవ్వ మైకు దగ్గరికి వంగింది. "పొద్దుగాల ఇంత గట్క తాగొచ్చిన." గట్క అంటే జొన్న జావ.

తెర మీద, పెద్ద అక్షరాల్లో: పొద్దుగాల ఇంత గట్టిగా తాగొచ్చిన.

నవ్వారు. అందరూ కాదు. ముగ్గురో నలుగురో. మనవడు చదివి తల దించుకున్నాడు. అవ్వ వాళ్ల ముఖాలు చూసింది, తెర చూసింది, నన్ను చూసింది.

"ఏం రాసింది బిడ్డా?"

తప్పు విన్నది అవ్వా అన్నాను. "ఏమని?" చెప్పకుండా ఉండచ్చు. చదువు రాదు కాబట్టి చెప్పకుండా ఉండచ్చు. అలా అనుకున్న ఆ ఒక్క క్షణం నాకు నచ్చలేదు. చెప్పాను.

ఆమె ముఖం మారిపోయింది. నవ్వి ఊరుకుంటుందనుకున్నానా?

"నేను తాగుతనా? మా వాడకట్టుల అడుగు పో. కల్లు గుడ ముట్ట. తుడ్వమను దాన్ని. ఇప్పుడే తుడ్వమను."

తెర మీద తుడిచేశాడు ఆ అబ్బాయి. సారీ చెప్పాడు, వంగి. అవ్వ అక్కడితో వదల్లేదు. "లోపట ఉన్నది గుడ తుడ్వాలె." ఎవరు చెప్పారు ఆమెకి లోపల కూడా ఉంటుందని? ఎవరూ చెప్పలేదు. రేషన్ మిషను చెప్పి ఉంటుంది.

లోపలిది సర్వర్‌లో ఉందనీ, తన చేతిలో లేదనీ, అడిగి చెప్తాననీ అన్నాడు. నా నంబరు ఇచ్చాను. టైము రాసుకున్నాను, 1:40.

భోజనాల దగ్గర కూడా సరిగ్గా తినలేదు. పెరుగన్నం కొంచెం. వక్తల గదిలో ఒకాయన పక్కకి జరిగి చోటిచ్చాడు, ఏ ఊరమ్మా అని అడిగాడు. కొంచెం తేరుకుంది. జొన్నల ధర గురించి మాట్లాడుకున్నారు.

నాలుగింటికి బస్సు దాకా వెళ్లాను. కిటికీలోంచి చెయ్యి పెట్టి నా తల నిమిరింది. బ్యాడ్జీ తియ్యలేదు. యంత్రం సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

23 నవంబర్, ఆదివారం

మిగిలిన బ్యాడ్జీలు 71. రానివాళ్లవి. పారెయ్యమన్నారు. పేర్లున్నాయి కదా, చెత్తబుట్టలో ఎలా వేస్తాం? కత్తెరతో ముక్కలు చేస్తూ కూచున్నా. అమ్మ కూడా.

"అందరూ మంచిగొచ్చారా?" అంది అమ్మ.

వచ్చారు.

24 నవంబర్, సోమవారం

స్టాలు వాళ్లకి మెయిల్ రాశాను. తారీకు, టైము, పలికిన మాట, రాసిన మాట. తీసేసి, తీసేశామని చెప్పండి అని.

సాయంత్రం దాకా ఏమీ లేదు.

26 నవంబర్, బుధవారం

జవాబు రాలేదు. రేపు మళ్లీ రాస్తా.

ఇవాళ మా ఫైళ్లు తెరిచాను. యంత్రం గట్క అన్న మాట ఎందుకు వినలేకపోయిందో చూద్దామని. ఆ స్టాలు యంత్రం మా డేటాతో నేర్చుకున్నదో కాదో తెలీదు. అయినా.

స్పీకర్ 417, అన్ని ఫైళ్లూ. మాటలు రాసినవాళ్లు ముగ్గురం. ఒకరు గట్క అని, ఒకరు గటక అని. ఒకచోట గడ్క. రెండుచోట్ల మాట బదులు బ్రాకెట్లో 'అస్పష్టం'.

ఆ రెండూ ఎవరు రాశారో చూశాను. నేనే. 2023 డిసెంబర్.

విన్నాను. అస్పష్టంగా ఏమీ లేదు. కోడి అరుస్తోంది, దూరంగా ట్రాక్టరు. మాట మాత్రం స్పష్టంగా ఉంది, గట్క. గంట మాట రాయడానికి ఆరేడు గంటలు పట్టేది అప్పట్లో. రోజుకింత అని లెక్క ఉండేది. ఆ రాత్రి ఏ తొందరలో ఉన్నానో.

రెండూ దిద్దాను. మిగతావి ఒకే తీరుగా మార్చమని రాసి పెట్టాను.

తర్వాత అసలు ఫైలు కోసం వెతికాను, కత్తిరించకముందుది. మా నియమం ప్రకారం మొదలూ చివరా తీసేస్తాం, ప్రశ్న అడిగిన దగ్గర్నుంచే పెడతాం. పాత హార్డ్‌డిస్కులో దొరికింది. ముందు తొమ్మిది సెకన్లు ఎక్కువుంది. గేటు చప్పుడు, నా చెప్పుల చప్పుడు. అప్పుడు ఆమె గొంతు.

"రా బిడ్డా, కూసో. దూపైతుందా? నీళ్లు తాగు ముందుగాల."